మగ్గం ఆగితే మేలుకునే పిల్ల

పోయిన వారం మనం ఉప్పాడలో, నేతగాడు సత్తియ్య ఇంట్లో ఆగాం. కోడలు లోవలక్ష్మి అత్తగారి చెయ్యి పట్టుకుని మగ్గాల గదిలోకి లాక్కుపోతోంది. ఏదో చూపించాలని ఆమె ఆరాటం. ఏం చూడాల్సి వస్తుందోనని అత్తగారి భయం.

ఆ భయం ఎక్కడిదో ఒకసారి గుర్తు చేసుకుందాం. సత్తియ్య, తలుపులమ్మ దంపతులకు నలుగురు పిల్లలు. ఆడపిల్లలిద్దరూ పెళ్ళిళ్ళయి కాకినాడలో కాపురాలు చేసుకుంటున్నారు. మగపిల్లలు లోవరాజు, వీరాస్వామి పుట్టుకతోనే వినికిడి లేనివాళ్ళు. వినపడలేదు కాబట్టి మాటా రాలేదు. మగ్గం మీద మాత్రం వాళ్ళను మించినవాళ్ళు ఆ వీధిలో లేరు. రెండేళ్ళ కిందట తుని దగ్గర లోవ తీర్థానికి వెళ్ళిన లోవరాజుకి అక్కడ లోవలక్ష్మి కనిపించింది. తుని నేతగాడు పెదబాబు కూతురు. ఆమెకూ వినపడదు. ఒకరి సైగలు ఒకరికి సగమే అర్థమయ్యాయి. మిగతా సగం నవ్వులతో నడిచిపోయింది. తీర్థం ముగిసేసరికి ఇద్దరూ పెళ్ళి నిశ్చయం చేసేసుకున్నారు.

"ఇద్దరికీ వినపడకపోతే పుట్టేవాళ్ళ సంగతేంటి?" అని తలుపులమ్మ అడ్డుపడింది. కొడుకు మూడు రోజులు అన్నం మానేశాక ఒప్పుకుంది.

లోవలక్ష్మికి తల్లి లేదు. అందుకని పురుడు అత్తగారింట్లోనే పోశారు. ఆడపిల్ల పుట్టింది. మాణిక్యం అని పేరు పెట్టారు. పేరైతే పెట్టారు గానీ ఆ పేరుతో ఎవరూ పిలవకూడదని తలుపులమ్మ కట్టడి. పిల్ల దగ్గర చప్పట్లు కొట్టకూడదు, గిలక్కాయ ఆడించకూడదు.

ఎందుకంటే లోవరాజు పసివాడుగా ఉన్నప్పుడు రోకటిపోటు పడగానే కళ్ళు తెరిచేవాడు. తలుపులమ్మ నెల రోజులు మురిసిపోయింది. తర్వాత ఎవరో తల వెనక ఇత్తడి పళ్ళెం మోగిస్తే వాడి రెప్ప కూడా ఆడలేదు. వాడికి తెలుస్తున్నది చప్పుడు కాదు, నేల అదురు. నాలుగేళ్ళ తర్వాత వీరాస్వామి విషయంలోనూ అదే పళ్ళెం మోగింది, అదే జరిగింది. "మూడోసారి నాచేత ఆ పళ్ళెం పట్టించకండి" అని ఆమె ఇంట్లో అందరినీ బతిమాలుకుంది.

మాణిక్యానికి ఇప్పుడు నాలుగో నెల. రెండు మగ్గాల మధ్య ఉయ్యాల్లో పడుకుంటుంది. పొద్దస్తమానం మగ్గాలు ధడధడలాడుతున్నా కదలదు. చూసిన ఇరుగుపొరుగు పైకి ఏమీ అనరు గానీ, వాళ్ళు చూసే చూపులోనే తలుపులమ్మకు అంతా అర్థమయ్యేది.

ఇదీ సంగతి. ఇక మగ్గాల గదిలోకి వెళ్దాం.

* * *

ఆ నెల ఆగి ఆగి పువ్వులు తియ్యాల్సిన బుటా చీరల పని లేదు. పంచెల నేత. పంచెకి అడ్డపోగును మోసే నాడె ఆగకుండా ఆడుతుంది కాబట్టి రెండు గుంట మగ్గాలూ ఊపిరాడకుండా మోగుతున్నాయి. అన్నదమ్ములిద్దరూ లోవలక్ష్మి ముందే చెప్పినట్టు ఆమె మీద ఓ కన్నేసి నేస్తున్నారు. దూలానికి కట్టిన చీర ఉయ్యాల్లో మాణిక్యం గుప్పిళ్ళు బిగించుకుని నిద్రపోతోంది.

లోవలక్ష్మి అత్తగారిని ఉయ్యాల పక్కన నిలబెట్టింది. పిల్లను చూడమని వేలు చూపించింది. ఆ తర్వాత భర్తకీ మరిదికీ కనబడేలా అరచెయ్యి పైకెత్తింది.

రెండు మగ్గాలూ ఒక్కసారే ఆగిపోయాయి.

అప్పటిదాకా వినపడని సముద్రం హోరు గదిలోకి వచ్చింది. ఉయ్యాల్లో పిల్ల కళ్ళు తెరిచింది. అటూ ఇటూ చూసింది. పెదవులు వంకర తిప్పి ఏడుపు అందుకుంది.

లోవలక్ష్మి చెయ్యి దించింది. మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. నాలుగు పోట్లు పడ్డాయో లేదో పిల్ల ఏడుపు ఆపి, బొటనవేలు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

మరోసారి చెయ్యెత్తింది. మరోసారి అంతే జరిగింది.

వాకిట్లో పడుగు సరిచేసుకుంటున్న సత్తియ్య మగ్గాలు ఆగి ఆగి మోగుతుంటే ఏం జరిగిందోనని లోపలికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి మూడోసారి చూశాడు. చేతిలోని నూలు కింద పడేశాడు.

"ఒసేయ్! చూశావా? మగ్గం ఆగితే పిల్ల లేస్తోందే! మగ్గం మోగితే లేవట్లేదని మనం ఏడుస్తున్నాం. దీనికి మోతే జోలపాట! కడుపులో ఉన్నప్పట్నుంచీ వింటోంది గదా!"

తలుపులమ్మ కదల్లేదు. "చూశానండి" అంది. "ఇరవై ఆరేళ్ళ కిందట కూడా ఇలాగే చూశాను. మీరు అప్పుడూ ఇలాగే అరిచారు."

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరండి? రెండు మగ్గాలు ఆడితే ఈ గది నేల అదరదా? ఆ దూలం అదరదా? ఉయ్యాల కట్టింది దూలానికే కదా? అదురు ఆగితే లేస్తోంది. వాళ్ళ నాన్నకి రోకటిపోటు తెలిసినట్టే దీనికి ఇదీ తెలుస్తోంది. అంతే."

సత్తియ్య వంగి కింద పడ్డ నూలు ఏరుకున్నాడు.

సరిగ్గా అప్పుడే నూనెగిన్నె పట్టుకుని వీరమ్మ వచ్చింది. పల్లెపాలెం మంత్రసాని. మాణిక్యానికి రోజూ ఒళ్ళు రుద్ది నీళ్ళు పోసేది ఆమే. అరవై దాటిన మనిషి. ఉప్పాడలో సగం మందిని మొదట ఎత్తుకున్న చేతులు ఆమెవే. సంగతేంటో సత్తియ్య గబగబా చెప్పాడు. వీరమ్మ నూనెగిన్నె గట్టు మీద పెట్టి, "ఇందులో ఆలోచించడానికేముంది? నేల అదురో, మగ్గం చప్పుడో తేల్చుకోవాలంటే పిల్లని నేలకీ దూలానికీ దూరంగా తీసుకుపోతే సరి. ఇసకలో నిలబడి భుజాన వేసుకోండి. అక్కడికి అదురు రాదు" అంది.

"వద్దు వీరమ్మత్తా" అంది తలుపులమ్మ.

"భయమైతే నేను ఎత్తుకుంటాను, నువ్వు లోపలే ఉండు."

"నువ్వు ఎత్తుకున్నా ఒకటే, నేను ఎత్తుకున్నా ఒకటే. తెలిసిపోతుంది కదా! ఈ నాలుగు నెలలూ తెలియకుండా ఉండబట్టే దీన్ని ఎత్తుకుని ముద్దు చెయ్యగలిగాను. తెలిశాక నా వల్ల కాదు."

ఆ మాటలు లోవలక్ష్మికి వినపడలేదు. అత్తగారి ముఖం చూస్తే చాలు, ఆమెకు అన్నీ తెలిసిపోతాయి. ఉయ్యాల్లోంచి బిడ్డను తీసి అత్తగారి చేతుల్లో పెట్టింది. పెట్టి, ఎదురుగా నిలబడి చేతులతో మాట్లాడటం మొదలుపెట్టింది. తొందరపడకుండా, ఒక్కొక్క సైగా విడివిడిగా, తలుపులమ్మకు అర్థమయ్యేలా.

ఇది ఏడిస్తే నేను ముఖం చూసి తెలుసుకుంటాను. చీకట్లో ఏడిస్తే దీని గుండె మీద చెయ్యి వేసుకుని తెలుసుకుంటాను. దీనికి వినపడుతుందో లేదో మాత్రం నేను ఎన్నేళ్ళు చూసినా తెలుసుకోలేను. మీరు చెప్పాలి. వినపడకపోతే ఏం? మాట్లాడటం నేను నేర్పుతాను, నాకు వచ్చు. వినపడితే దానితో మాట్లాడాల్సింది మీరు. నాలుగు నెలల నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు మీరు.

చివరి సైగకు తలుపులమ్మ తల దించుకుంది. వినపడకపోతే ఏం అని ఇంతవరకూ ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు.

చాలాసేపటికి ఆమె పిల్లను భుజాన వేసుకుంది. ఇంకెవరి వంకా చూడకుండా పెరట్లోకి నడిచింది.

* * *

పెరడంతా ఇసకే. మునగచెట్టు దాటి, ఇంటికి ముప్పై అడుగుల దూరంలో ఆమె ఆగింది. ఇంటికి వీపు పెట్టి నిలబడింది. ఆమెకేమీ కనపడకూడదు, పిల్లకూ కనపడకూడదని దాని ముఖం తన మెడవైపు తిప్పుకుంది. లోవలక్ష్మి దొడ్డి గుమ్మంలో నిలబడింది. అక్కడినుంచి ఆమెకు పెరడూ కనపడుతుంది, మగ్గాలూ కనపడతాయి. సత్తియ్య, వీరమ్మ చూరు కింద నిలబడి చూస్తున్నారు.

మగ్గాలు మోగుతూనే ఉన్నాయి. పిల్ల నాయనమ్మ మెడ వంపులో ముఖం పెట్టుకుని కునుకు తీస్తోంది.

లోవలక్ష్మి చెయ్యెత్తింది. మగ్గాలు ఆగాయి.

తలుపులమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. ఒకటి, రెండు, మూడు అలలు విరిగిన చప్పుడు వినపడింది. మెడ మీద ఆనుకున్న చిన్న తల కదిలింది. పైకి లేచింది. తూలుతూ ఇంటివైపు తిరిగింది. ఉఁ, ఉఁ అని రాగం తీసింది.

మగ్గాలు మొదలయ్యాయి. తల మళ్ళీ మెడ మీద వాలింది.

మగ్గాలు ఆగాయి. తల లేచింది.

 తలుపులమ్మ ఇంకోసారి అని అడగాలనుకుంది. అడగకుండానే ఇంకోసారి జరిగింది. ఈసారి పిల్ల ఏడవకుండా ఇంటివైపే తదేకంగా చూస్తూ ఉండిపోయింది, మోత ఎక్కడికి పోయిందా అన్నట్టు.

వీరమ్మ వచ్చి పిల్లను అందుకుంది. "పిలువు తలుపులూ" అంది. "దాని వెనకాలకి పోయి పిలువు."

ఏమని పిలవాలి? ఆ ఇంట్లో పిల్లలను పిలవడం ఆమె ఏనాడో మరిచిపోయింది. కూతుళ్ళు అత్తారిళ్ళకు వెళ్ళాక ఆమె గొంతు చీటికీ మాటికీ సత్తియ్యతో పోట్లాడ్డానికే పనికొస్తోంది. వీరమ్మ వెనకాలకు వెళ్ళి నాలుగడుగుల దూరంలో నిలబడింది. గొంతు సవరించుకుంది.

"మాణిక్యం" అంది. గాలికే వినపడనంత మెల్లగా వచ్చింది.

మళ్ళీ ఊపిరి తీసుకుని, "మాణిక్యం! ఓలమ్మా, మాణిక్యం!" అని పిలిచింది.

పిల్ల తిరిగింది. తల ఒక్కటే తిరిగితే సరిపోలేదని నడుము కూడా మెలితిప్పుకుని తిరిగింది. నాయనమ్మ ముఖం దొరకగానే పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వింది.

తలుపులమ్మ ఇసకలో చతికిలబడి పెద్దగా ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. "మాణిక్యం, మాణిక్యం" అని పాతికసార్లు పిలిచింది. పిల్ల పాతికసార్లూ తిరిగింది. చివరికి వీరమ్మే, "చాల్లేవే, దాని మెడ పట్టేస్తుంది" అని కసిరింది. సత్తియ్య అప్పటికే వీధిలోకి పరిగెత్తాడు. పంచె ఒక కొస జారిపోతున్నా పట్టించుకోకుండా, ప్రతి గుమ్మం ముందూ ఆగి, "నా మనవరాలికి వినపడుతుందండోయ్!" అని చాటింపు వేసుకుంటూ పోయాడు.

లోపల లోవరాజుకి ఇవేమీ తెలియవు. చెయ్యెత్తితే ఆపమన్నారు, దించితే నెయ్యమన్నారు, అతను నేశాడు. భార్య వచ్చి చెయ్యి పట్టుకుని మగ్గం గుంటలోంచి పైకి లాగి, పెరట్లోకి తీసుకొచ్చింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. చెవి చూపించింది, బిడ్డను చూపించింది, గుప్పిట తెరిచి పూవు విచ్చుకున్నట్టు వేళ్ళు విప్పింది. అతను నమ్మలేదు. తల అడ్డంగా ఊపాడు. చిన్నప్పటినుంచీ జనం తన వెనక చప్పట్లు కొట్టి, తను తిరక్కపోతే నవ్వుకోవడం అతనికి తెలుసు. అలాంటి పరీక్ష తన కూతురికి పెట్టారేమోనని కోపం కూడా వచ్చింది.

తలుపులమ్మ అతని ఎదురుగానే, వీరమ్మ చేతుల్లో ఉన్న పిల్ల వెనక చప్పట్లు కొట్టింది. పిల్ల తిరిగింది.

లోవరాజు చూశాడు. నోరు తెరిచాడు. అతని గొంతులోంచి పెద్ద కేక లాంటి నవ్వు వచ్చింది. ఆ నవ్వు ఎంత పెద్దదో, ఎలా ఉంటుందో అతనికి తెలియదు. ఆ వీధిలో పిల్లలు ఆ నవ్వుకు జడుసుకుంటారని తల్లి ఎన్నోసార్లు నోటి మీద చెయ్యి పెట్టి వారించింది. కానీ మాణిక్యం జడుసుకోలేదు. నాయనమ్మ మీంచి చూపు తిప్పి, ఆ గొంతు వచ్చినవైపు తిరిగి, తండ్రిని కళ్ళార్పకుండా చూసింది. చేతులు చాపింది.

లోవరాజు నవ్వు ఆపేశాడు. ఏదో అనుమానం వచ్చినట్టు భార్య వంక చూశాడు. ఆమె అవునని తలూపింది. అతను మళ్ళీ, ఈసారి కావాలని, ఆఁ అన్నాడు. కూతురు కేరింత కొట్టింది. మళ్ళీ అన్నాడు, మళ్ళీ కొట్టింది. ఇరవై ఆరేళ్ళుగా తన లోపలే అదురుతూ ఉన్నదేదో ఇవాళ ఇంకొకరికి చేరుతోంది, దానికి జవాబు వస్తోంది. అతను కూతుర్ని గుండెకు హత్తుకుని ఆఁ ఆఁ అంటూ పెరడంతా తిరిగాడు. వీరాస్వామి కూడా వచ్చి చేరాడు. అన్నదమ్ములిద్దరూ పోటీలు పడి కేకలు పెడుతుంటే, మధ్యలో ఆ పిల్ల ఎవరివైపు తిరగాలో తెలియక ఉక్కిరిబిక్కిరైపోయింది. తలుపులమ్మ ఈసారి ఎవరి నోటి మీదా చెయ్యి పెట్టలేదు.

* * *

వీధి వీధంతా వచ్చి చూసి, బెల్లంముక్క నోట్లో వేసుకుని వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. వీరమ్మ ఎట్టకేలకు పిల్లకు నీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ వేసి, వసారాలో కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"అంతా బాగానే ఉంది గానీ వీరమ్మత్తా" అన్నాడు సత్తియ్య, "నాకు ఒకటే అర్థం కావట్లేదు. తలుపులుకీ నాకూ ఇద్దరికీ వినపడుతుంది. మాకేమో చెవిటి బిడ్డలు పుట్టారు. వీళ్ళిద్దరికీ వినపడదు. వీళ్ళకేమో వినపడే బిడ్డ పుట్టింది. ఇదెక్కడి లెక్క?"

"నలభై ఏళ్ళుగా కాన్పులు చేస్తున్నాను. ఇలాంటివి నేను చూస్తూనే ఉన్నాను" అంది వీరమ్మ. "మా పాలెంలో పల్లంరాజు తెలుసుగా? వాళ్ళ తాతకి పిల్లికళ్ళు. తాత కొడుకులు ముగ్గురికీ మామూలు కళ్ళే. పోయాయనుకున్నాం. పల్లంరాజు పుట్టగానే కళ్ళు తెరిచి చూస్తే, తాత కళ్ళే! మధ్యలో ఒక తరం ఎక్కడికి పోయినట్టు? ఎక్కడికీ పోలేదు. వాళ్ళ నాన్న ఒంట్లోనే దాక్కుంది."

ఆమె కొంగుముడి విప్పింది. అష్టాచెమ్మాకి వాడే చింతపిక్కలు గుప్పెడు ఉన్నాయి. కొన్ని నల్లగా మెరుస్తున్నాయి, కొన్ని అరగదీసి తెల్లగా ఉన్నాయి. వాటిని గచ్చు మీద పోసి, రెండు రెండుగా పేర్చడం మొదలుపెట్టింది. ఊరికే కూర్చోలేని వీరాస్వామి వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చుని, ఆమె ఏ పిక్క పెట్టి ఎవరిని చూపిస్తోందో గమనిస్తున్నాడు.

"ఇదిగో చూడండి. పుట్టే ప్రతివాడికీ తల్లి వాటా ఒకటి, తండ్రి వాటా ఒకటి. నల్లపిక్క అంటే వినికిడి ఉన్న వాటా. తెల్లపిక్క ఖాళీ వాటా. రెంటిలో ఒక్కటి నల్లదున్నా చాలు, వినపడుతుంది. రెండూ తెల్లవైతేనే వినపడదు. తలుపులూ, మీ చిన్నాన్న చిట్టియ్యకి వినపడేది కాదు కదా?"

"అవును, పాపం."

"అంటే చిట్టియ్యకి రెండూ తెల్లవే. మరి ఆయన అన్న, అంటే మీ నాన్నకి? ఆయన అక్క, అంటే సత్తియ్య వాళ్ళమ్మకి? వాళ్ళకి వినపడేది. కానీ ఒకటి నల్లది, ఒకటి తెల్లది ఉండుంటాయి. ఆ తెల్లది మీ నాన్న నీకిచ్చాడు. సత్తియ్యకి వాళ్ళమ్మ ఇచ్చింది. మేనరికం కదా మీది! ఒక్క ఇంటి తెల్లపిక్క రెండు దారుల్లో తిరిగి, మళ్ళీ ఒకే ఇంటికి వచ్చింది. కూతుళ్ళకి నల్లవి పడ్డాయి, కొడుకులకి రెండేసి తెల్లవి పడ్డాయి. ఏది పడాలన్నది మన చేతిలో లేదు, ఆటలో పిక్కలు వేసినట్టే."

తలుపులమ్మ పిక్కలవంక చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళూ తను ఏదో పాపం చేశాననుకుంది. గ్రహణం రోజున కూరగాయ తరిగాననుకుంది. "అంటే నా తప్పేం లేదా వీరమ్మత్తా?" అంది చిన్నపిల్లలా.

"ఏముందే నీ తప్పు? ఎవరి తప్పూ లేదు."

"సరేగానీ" అన్నాడు సత్తియ్య, "లోవరాజుకి రెండు తెల్లవి. కోడలికీ రెండు తెల్లవే. పెదబాబు తన అక్క కూతుర్నే చేసుకున్నాడు కాబట్టి అక్కడా ఇదే కథ. మరి బిడ్డకి నల్లది ఎక్కణ్ణుంచి వచ్చింది?"

వీరమ్మ గడ్డం రుద్దుకుంది. "అదే నాకూ తెగట్లేదు."

సత్తియ్య మగ్గాలవైపు చూశాడు.  ఆ తర్వాత నెమ్మదిగా, "బట్ట నెయ్యాలంటే పడుగూ కావాలి, పేకా కావాలి. ఏది లేకపోయినా బట్ట రాదు. ఒకింట్లో పడుగు లేక, ఇంకో ఇంట్లో పేక లేక ఆగినా, చూసేవాడికి మాత్రం రెండిళ్ళలోనూ బట్ట లేనట్టే కనపడుతుంది" అన్నాడు. "మా ఇంట్లో లేనిది పడుగేమో. తునివాళ్ళింట్లో లేనిది పేకేమో. వినికిడికి కూడా ఒకటి కాదు, చాలా కావాలేమో అత్తా! మా దగ్గర లేనిది కోడలు తెచ్చింది. వాళ్ళ దగ్గర లేనిది మావాడి దగ్గరుంది. బిడ్డకి రెండూ దొరికాయి."

వీరమ్మ నోరు తెరిచి అతన్నే చూసింది. "నలభై ఏళ్ళ నుంచి నాకు తట్టలేదయ్యా!" అని గట్టిగా నవ్వేసింది. "వేరే ఊరి సంబంధం కాబట్టి వేరే లోటు వచ్చింది. అదే రెండోసారీ మీ ఇంటి పిల్లనే తెచ్చుకుని ఉంటే..."

ఆమె వాక్యం పూర్తి కాలేదు. వీధిలో బండి ఆగింది.

* * *

"ఏం అక్కా! దారంతా ఇదే కబురు! పిల్లకి వినపడుతోందంటగా!"

తలుపులమ్మ తమ్ముడు అప్పాజీ. పిఠాపురంలో ఉంటాడు. మనిషి కంటే ముందు గొంతు ఇంట్లోకి వస్తుంది. అతని వెనకే బండి దిగింది కూతురు రత్తమ్మ. పద్దెనిమిదేళ్ళు నిండినా ఇంకా పెళ్ళి చెయ్యలేదని ఊళ్ళో మాట వస్తున్నా, వచ్చిన సంబంధాలన్నీ తిప్పికొట్టిన పిల్ల. ఎందుకు తిప్పికొట్టిందో అప్పాజీకి తెలుసు. ఈ ఇంటికి చిన్నప్పటినుంచీ ఆమె వచ్చి పోతూనే ఉంది. వీరాస్వామితో సైగలతో పోట్లాడుతూనే పెరిగింది. మూడేళ్ళుగా అప్పాజీయే ఆమెను వీరాస్వామికి ఇచ్చే మాట ఎత్తనివ్వలేదు. పుట్టే పిల్లలు ఎలా ఉంటారోనని అతని దిగులు.

రత్తమ్మ లోపలికి రాగానే వీరాస్వామి లేచి నిలబడ్డాడు. చింతపిక్కలు కాలికి తగిలి చెదిరిపోయాయి.

అప్పాజీ మాణిక్యాన్ని ఎత్తుకుని చిటికెలు వేశాడు. పిల్ల తిరిగిన ప్రతిసారీ అతని ముఖం వెలిగింది. పిల్లను అక్కకు అందించి, కబురు విని దారిలోనే కొన్న తమలపాకుల కట్ట, అరటిపళ్ళు బండిలోంచి తెచ్చి పళ్ళెంలో పెట్టాడు.

"బావగారూ, ఇక నాకు భయం లేదండి. ఇద్దరికీ వినపడని చోట వినపడే బిడ్డ పుట్టింది. మరి నా రత్తమ్మకి బ్రహ్మాండంగా వినపడుతుంది. ఇంకేం కావాలి? మేనరికం ఉండగా బయటి సంబంధాలెందుకు? మా అమ్మాయిని వీరాస్వామికి ఇస్తున్నాను. తాంబూలాలు ఇప్పుడే పుచ్చుకుందాం."

 సత్తియ్య తలుపులమ్మను చూశాడు. తలుపులమ్మ వీరమ్మను చూసింది. తమ్ముడి ఒంట్లో కూడా ఆ తెల్లపిక్క ఉందో లేదో, ఉంటే కూతురికి ఇచ్చాడో లేదో ఎవరు చెప్పగలరు?

"ఏంటి, అందరూ అలా అయిపోయారు? వీరమ్మా, నువ్వైనా చెప్పు. నేను అన్నదాంట్లో తప్పుందా?"

"తప్పేం లేదు బాబూ" అంది వీరమ్మ ఇబ్బందిగా. "కాకపోతే..."

"కాకపోతే ఏంటి?"

వీరమ్మ జవాబు వెతుక్కుంటుండగానే వీరాస్వామి ముందుకు వచ్చాడు. మూడేళ్ళుగా ఎదురుచూసిన పళ్ళెం అది. దాన్ని రెండు చేతులతో ఎత్తాడు. కళ్ళకు అద్దుకున్నాడు. తీసుకున్నాడనే అందరూ అనుకున్నారు. రత్తమ్మ ముఖం ఎర్రబడింది. అతను గచ్చు మీద చెదిరిన తెల్లపిక్కల వంక ఒకసారి చూసి, రెండడుగులు వేసి, పళ్ళెం తీసుకెళ్ళి అప్పాజీ చేతుల్లోనే తిరిగి పెట్టేశాడు. వద్దని తల ఊపాడు.

"వద్దంటాడేంటి?" అప్పాజీ గొంతు మొదటిసారి తగ్గింది.

రత్తమ్మ వేళ్ళు గబగబా కదిలాయి. ఎందుకని అడిగింది. వీరాస్వామి జవాబు చెప్పలేదు. చేతులు రెండూ వీపు వెనక కట్టేసుకున్నాడు. అతని భాషలో దానికి మించిన మౌనం లేదు.

అందరూ ఆమె ఏడుస్తుందనుకున్నారు. రత్తమ్మ తండ్రి చేతిలోంచి పళ్ళెం లాక్కుంది. వెళ్ళి వీధి గుమ్మంలో అడ్డంగా కూర్చుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుంది.

"నాన్నా, బండి తోలించుకుని నువ్వు వెళ్ళు" అంది పైకి. ఆ తర్వాత వీరాస్వామి వైపు తిరిగి, అతను చూపు తిప్పుకునే వీలు లేకుండా చేతులు రెండూ ఎత్తి చెప్పింది: "నీ చేతులు విప్పి కారణం చెప్పేదాకా నేనీ గుమ్మం దిగను."